హౌరా లోడు అడిగిన సలోమి

మా ఆడబిడ్డ సలోమి లారీ డ్రైవరవుతానన్న రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు, ఆమెకి తప్ప. ఆమె మాత్రం పులుసు రెండోసారి వేయించుకుని మరీ తిన్నది.

మాది కలిదిండి దగ్గర ఊరు. చుట్టూ చేపల చెరువులే. సలోమి అప్పటికే రొయ్యల కంపెనీ పని మానేసి, చెరువులకి మేత తోలే ట్రాలీ ఆటో నడుపుతోంది. అది చాలదట! చేపల లోడు తీసుకుని హౌరా వెళ్లాలట.

"ట్రాలీ తోలితే ఈ గట్లు దాటను వదినా. అవతల ఏముందో చూడొద్దా?" అంది.

"అవతలా చేపలు తినేవాళ్లే ఉంటారు" అన్నాను.

"అయితే వాళ్లనే చూస్తాను" అంది. ఇలాంటిదానికి ఏం చెబుతాం!

మా ఆయన సత్యవేదం ఒకప్పుడు లారీ క్లీనరు. ఆ బతుకు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి ఒంటికాలి మీద లేచాడు. వారం రోజుల రభస తరువాత వచ్చే క్రిస్మస్ దాకా గడువిచ్చాడు. ఈలోగా హౌరా లారీ మీద డ్రైవరు సీటు దొరక్కపోతే రొయ్యల కంపెనీకి తిరిగి పోవాలి, జన్మలో మళ్లీ లారీ మాట ఎత్తకూడదు. సలోమి సరేనంది. మాటిస్తే తప్పే మనిషి కాదామె. నా భయమల్లా అదే.

డ్రైవింగు స్కూలు చూడటానికి నన్ను తోడు తీసుకెళ్లింది. మొదట తాడేపల్లిగూడెం. అద్దాల ఆఫీసు, చల్లని గాలి, గోడ నిండా ఫొటోలు. "మీరు రోజూ రానక్కర్లేదండీ. టెస్టు రోజు వస్తే చాలు. మిగతాది మేం చూసుకుంటామండి" అన్నాడు మేనేజరు. నాకు ప్రాణం లేచి వచ్చింది. సలోమి మాత్రం లారీ చూపించమంది. వెనక షెడ్డులో ఉన్న లారీ టైర్ల మీదుగా దొండ తీగ పాకి, కాయలు కూడా కాసింది.

"కూరకి నాలుగు కోసుకోవచ్చాండీ?" అని అడిగి, బయటికి నడిచింది.

తరువాత ఏలూరు. కోదండరామయ్యగారి స్కూలంటే ఒక రేకుల షెడ్డు, సీట్లోంచి పీచు బయటికొచ్చిన ముసలి లారీ, అంతే. ఆయన మొహాన నవ్వన్నది లేదు. "ముందుకి ఎవరైనా తోలతారమ్మా. నా దగ్గర మొదట వెనక్కి తోలడం నేర్చుకోవాలి. ఇష్టమైతే ఉండు" అన్నాడు. ఇదేం చాదస్తంరా దేవుడా అనుకున్నాను. సలోమి మొహం వెలిగిపోయింది.

"ఇక్కడే వదినా" అంది.

ఎందుకో నాకు బస్సులో చెప్పింది. మా చెరువు గట్లు లారీ పట్టేంత వెడల్పే ఉంటాయి. తిప్పుకునే చోటు ఉండదు. అందుకని పట్టుబడి రోజు, అంటే చెరువులో చేపలు పట్టే రోజు, ఖాళీ లారీని గట్టు చివరి దాకా వెనక్కి తోలుకెళ్లి, లోడయ్యాక తిన్నగా బయటికి రావాలి. రెండు పక్కలా నీళ్లే. మా వైపు చేపల ఆసాములు డ్రైవరుని పనిలో పెట్టుకునే ముందు చూసేది ఈ ఒక్క విద్యనే.

ఎండలో మాడి, కోదండరామయ్యగారితో తిట్లు తిని, చివరికి హెవీ లైసెన్సు తెచ్చుకుంది. ఇక పని వెతుక్కోవాలి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లారీలు తిప్పే యజమాని ఒకాయన కబురుపెట్టి మరీ పిలిచాడు. కొత్త లారీ, మెడలో దండ, ఫొటోకి పేపరువాళ్లు! "మీరు స్టీరింగు దగ్గర కూర్చోండి చాలండి. తోలడానికి మా కుర్రాడున్నాడు" అన్నాడాయన. ఒప్పుకోమని గిల్లాను. సలోమి దండ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఫొటో కూడా ఆ కుర్రాడికే తీయించండి" అంది. ఆ రోజు దాన్ని చంపేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

క్రిస్మస్ దగ్గరపడింది. ఇక మిగిలింది మా ఊరి చేపల ఆసామి సుబ్బరాజుగారే. ఆయన చెరువు పట్టుబడి రోజు పనివాళ్లకి వంట చేసేది నేనే. ఆ రోజు మా ఆయన కూడా అక్కడే చేపలకి ఐసు కొడుతున్నాడు. సలోమి వచ్చి పని అడగ్గానే రాజుగారు, "మీ అన్నయ్య నిన్నే చెప్పాడులేమ్మా. నీకు హౌరా వద్దంట కదా! మేత బండి ఉంది, ఊళ్లోనే తిప్పుకో. రేపట్నించి రా" అన్నారు.

సలోమి అన్న వైపు చూసింది. మా ఆయన తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్ల కష్టం వెనకాల నుంచి ఒక్క మాటతో తుడిచేస్తాడా!

"మా అన్నయ్య నా మీద ప్రేమకొద్దీ చెప్పాడండి. ఆ మాట మాత్రం నాది కాదండి" అంది సలోమి. "నాకు హౌరా లోడే కావాలి. ఇవ్వనంటే రొయ్యల కంపెనీకి పోతాను. మేత బండి వద్దండి."

రాజుగారు గట్టు వైపు చేయి చూపించారు. గట్టు మొదట్లో ఖాళీ లారీ ఉంది. "అయితే అది చివరికంటా పెట్టు, చూద్దాం" అన్నారు.

రాత్రి జల్లు పడి గట్టు మెత్తగా ఉంది. లారీ వెనక్కి వెళ్లేటప్పుడు ఒక మనిషి దాని వెనకే నడుస్తూ దారి చెప్పాలి. బండి జారితే మొదట పోయేది ఆ మనిషే. పనివాళ్లు ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. "ఆడమనిషి తోలితే వెనకాల మేం నిలబడమండి" అన్నారు.

"మనిషి లేకుండా ఎలాగమ్మా?" అన్నారు రాజుగారు. సలోమి అప్పటికే క్యాబిన్ ఎక్కి స్టీరింగు పట్టుకుంది.

మా ఆయన సుత్తి పక్కన పడేసి, లుంగీ ఎగ్గట్టి, లారీ వెనక్కి నడిచాడు. "ఏవండీ, వద్దండీ!" అని చొక్కా పట్టుకుని లాగాను.

"నువ్వుండవే హన్నా. ఈ పని నాకేమైనా కొత్తా?"

సలోమి కిటికీలోంచి తల బయటపెట్టింది. "నువ్వొద్దన్నయ్యా. నీకు నా మీద నమ్మకం లేదుగా!"

"నమ్మకం లేకపోతే ఇక్కడెందుకు నిలబడతానే! రానీ!" అని అరిచాడు.

లారీ కదిలింది. "రానీ... రానీ... కుడికి కొట్టు... చాలు, రానీ" అంటూ ఆయన వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఎడమ చక్రం కింద ఒకచోట మట్టి పెళ్ల విరిగి నీళ్లలో పడింది. నేను కళ్లు మూసుకున్నాను. లారీ ఆగి, ఒక్క మూర ముందుకొచ్చి, సర్దుకుని, మళ్లీ వెనక్కి పోయింది. కళ్లు తెరిచేసరికి గట్టు చివర ఉంది. మా ఆయన వెనక డోరు మీద చేతులానించి ఆయాసపడుతున్నాడు.

రాజుగారు తాపీగా అక్కడికి నడిచి వెళ్లారు. వెనకే నేను పరుగెత్తాను.

"ఏం, హౌరా వెళ్తావా?" అని అడిగారు.

"వెళ్తుందండీ!" అన్నాడు మా ఆయన.

సలోమి కిందికి దిగింది. కళ్ల నిండా నీళ్లు. అయినా నోరు ఊరుకుంటుందా!

"ఉండన్నయ్యా. అడిగింది నన్ను" అని, రాజుగారి వైపు తిరిగి, "వెళ్తానండి" అంది.