రాహుకాలం ఏకాంబరం, సుఖశయన లాడ్జి

మా ఏకాంబరం మామ ఏ పని మొదలుపెట్టినా రాహుకాలంలోనే మొదలుపెట్టేవాడు. చెప్పులు కొనాలన్నా, క్షవరం చేయించుకోవాలన్నా, చిత్తూరు కోర్టుకు వాయిదాకి పోవాలన్నా, రాహుకాలం వచ్చేదాకా వాకిట్లో కూర్చుని గడియారం చూసుకుంటూ ఉండేవాడు. మంగళవారమూ అమావాస్యా కలిసొచ్చిందంటే ఆయనకు ఆరోజు పండుగ.

"రాహుకాలంలో బస్సెక్కి సూడరా మునికృష్ణా," అనేవాడు నాతో. "కిటికీ పక్క సీటు నీకోసరమే కాసుకోనుంటాది. క్షవరం షాపు ఖాళీ. డాక్టరు ఖాళీ. ఊరంతా ఇంట్లో కూసోని మనకి దోవ ఇడస్తాది."

తమాషా ఏమిటంటే, రాహుకాలం తప్పకుండా పాటించాలంటే పంచాంగం అందరికంటే బాగా తెలిసుండాలి. తిరుపతిలో ఆ రోజుల్లో మామకు వచ్చినంత పంచాంగం గుడివీధి అయ్యవారికి కూడా వచ్చేది కాదు. ఆయనకే సందేహం వస్తే మామ ఇంటికి మనిషిని పంపేవాడు.

పెళ్లి మాత్రం మామ చేతుల్లో లేకపోయింది. వసంతత్త పుట్టింటివాళ్లు పట్టుబట్టి మంచి ముహూర్తంలో తాళి కట్టించారు. మామ మనసు కుదుటపడలేదు. మరునాడు రాహుకాలం చూసి దానికి నాలుగో ముడి వేశాడు. "ముందు మూడూ వాళ్లవి. ఇదొక్కటే ఈయనది," అని అత్త ఇప్పటికీ చూపించి నవ్వుతుంది.

మామ వృత్తి పాత మిద్దెలు పడగొట్టడం. ఆయన దగ్గర ఇరవైమంది పనివాళ్లుండేవాళ్లు. ఎక్కడ ఏరుకొచ్చాడో గానీ, అందరూ అపశకునాలే. ఎల్లప్పది ఒంటి తుమ్ము. రెండోది వస్తుందేమోనని ఎంతసేపు ఎదురుచూసినా రాదు. ఏ పెళ్లికీ అతన్ని పిలిచేవాళ్లు కారు. అక్కమ్మ భర్త పోయిన మనిషి. ఆమె వీధి మలుపు తిరిగితే ప్రయాణం కట్టినవాళ్లు వెనక్కిపోయి కాళ్లు కడుక్కునేవాళ్లు. చిన్నబ్బ పుట్టినరోజే వాళ్ల తాత పోయాడు. ఆ తాతకప్పుడు తొంభై రెండేళ్లని మాత్రం ఎవరూ చెప్పరు. పనికి బయల్దేరేటప్పుడు ఎల్లప్ప తుమ్మాలి, అక్కమ్మ ఎదురు రావాలి. అప్పుడే మామ గడ్డపార భుజానికెత్తేది.

నేను మునిసిపాలిటీలో గుమాస్తాని. పడగొట్టే పర్మిట్లన్నీ నా బల్ల మీదుగానే పోవాలి. "ఆ రాహుకాలం మేస్త్రి నీకేమైనా అవుతాడా?" అని ఆఫీసులో అడిగితే, "దూరపు చుట్టం సార్," అనేవాణ్ణి. మా అమ్మకు సొంత తమ్ముడు.

డెబ్బై తొమ్మిదిలో సుఖశయన లాడ్జి సంగతి వచ్చింది. స్టేషను దగ్గర రెండంతస్తుల మేడ, యజమాని రాజారత్నం. ఒక్క ఏడాదిలో ఆ లాడ్జిలో ముగ్గురు పోయారు. ముగ్గురూ రాత్రి నవ్వుతూ పడుకున్నవాళ్లు పొద్దున లేవలేదు. ఒంటి మీద దెబ్బ లేదు, కడుపులో విషం లేదు. పోలీసులు నీళ్లు, పాలు, ఆఖరికి పరుపుల్లో దూది కూడా పరీక్షకు పంపారు. ఏమీ దొరకలేదు. డాక్టర్లు "కారణం తెలియదు" అని రాసేశారు. ఇప్పటికీ తెలియదు. నన్నడక్కండి.

కారణం తెలియకపోతే డాక్టర్లకు నిద్ర పడుతుంది గానీ ఊరికి పట్టదు. ఊరు వెదికి వెదికి ఒక కారణాన్ని పట్టుకుంది. ఆ కారణం పేరు సిద్ధమ్మ. లాడ్జి వంటమనిషి, యాభై ఏళ్లుంటాయి, నా అన్నవాళ్లు లేరు. ముగ్గురూ ఆఖరిసారి తిన్నది ఆమె వండిన ఇడ్లీ. ఆ ఏడాదే ఆమె ఇడ్లీ తిని సుఖంగా కొండెక్కి దిగి ఊళ్లకు పోయినవాళ్లు వేలమంది. వాళ్లను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? "ఆమె చెయ్యి మంచిది కాదు," అన్నారు. రాజారత్నం ఆమెను మానిపించాడు. అయినా గదులు నిండలేదు. చివరికి మేడనే పడగొట్టాలనుకున్నాడు. ఆ పనికి ఏ మేస్త్రీ ముందుకు రాకపోతే, తల వంచుకుని మామ దగ్గరికొచ్చాడు.

"మంచి రోజు సూసి మొదలుపెట్టప్పా ఏకాంబరం."

"సూసేసినా. మంగళవారం అమావాస్య. మూడు గంటలకు."

ఆరోజు పర్మిట్ కాగితం పట్టుకుని నేనూ పోవలసి వచ్చింది. నా భార్య పంకజాక్షి గుమ్మంలో ఆపి నా చొక్కా జేబులో నిమ్మకాయ పెట్టింది. "ఆడ ఏ గాలి ఉండాదో ఏమో," అంది. నాకు అలాంటి నమ్మకాలు లేవు. కానీ జేబులో ఉన్న నిమ్మకాయను తీసి పారేసేంత అపనమ్మకం కూడా లేదు.

రాజారత్నం దూడ తలంత బూడిదగుమ్మడికాయ తెచ్చి, మేడకు మూడుసార్లు దిష్టి తిప్పాడు. పగలగొట్టబోతుంటే సందు మొదట్లో సిద్ధమ్మ కనిపించింది. జనం చీరలు, పంచెలు ఎగ్గట్టుకుని మరీ వెనక్కి జరిగారు.

"నా రుబ్బురోలు లోపలుండాదయ్యా. అదిస్తే ఎల్లిపోతా," అందామె.

"యాడికమ్మా?" అన్నాడు మామ.

"పుత్తూరు తట్టు. ఆడ నన్నెరిగినోళ్లు లేరు గదా."

"ఆడ ఏం జేస్తావు?"

"వంట తప్ప ఏమొచ్చు సామీ నాకు? ఈ ఊళ్లో మంచినీళ్లిచ్చినా తాగేవాళ్లు లేరు."

మామ ఆమెను చూశాడు. గుమ్మడికాయను చూశాడు.

"రాజారత్నం, ఆ కాయ పగలగొట్టొద్దు. ఇట్టియ్యి."

"దిష్టి తీసిన కాయప్పా ఇది!"

"తీసేసినావు గదా, ఇంకేముంటాది కాయలో? గుజ్జుంటాది. సిద్ధమ్మా, ఇరవైమందికి మజ్జిగపులుసు పెట్టను అవుతాదా?"

ఆమె తల ఊపింది. రెండు చేతులా కాయ అందుకుంది.

నాలుగున్నరకు పని ఆపి అందరూ చేతులు కడుక్కున్నారు. పులుసు ఘుమఘుమలాడుతోంది. ఒక్కరూ విస్తరి ముందు కూర్చోరు. ఊరు తమను చూసి తప్పుకుంటే ఏడ్చే మనుషులే సిద్ధమ్మను చూసి తప్పుకున్నారు. అక్కమ్మ కూడా గోడకేసి తిరిగి కొంగు సర్దుకుంటోంది. మామ ఒక్కడే కూర్చుని మూడుసార్లు వడ్డించుకున్నాడు. అందరూ ఆయన పొట్ట వైపే చూస్తున్నారు. ఎల్లప్ప తుమ్మాడు.

"ఇంకేమబ్బా, శకునం గూడా అయిపాయె. రా, కూసో," అన్నాడు మామ.

ఎల్లప్ప కూర్చున్నాడు. ఆకలి ముందు, చల్లారిపోతున్న మజ్జిగపులుసు ముందు భయం ఎంతసేపు నిలబడుతుంది? మామ ఆ రాత్రి పోలేదు. మరునాడు ఎల్లప్ప తుమ్ము కూడా మామూలుగానే వినిపించింది.

ఇక్కడే మామ కొత్త నియమం పెట్టాడు. అప్పటిదాకా రాహుకాలంలో పని మొదలుపెట్టి పొద్దుగూకేదాకా చేసేవాడు. ఈ మేడకు మాత్రం పని మొదలుపెట్టేదీ, ఆపేదీ కూడా రాహుకాలంలోనే. అంటే రోజుకు గంటన్నర. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర, అలా. మిగతా పొద్దంతా ఇరవైమందీ సిద్ధమ్మ వంట తింటూ, పగలని గోడల నీడన కబుర్లు చెప్పుకునేవాళ్లు. పైనుంచి ఒక్కో ఇటుకా దిగుతోంది. వంటిల్లు మాత్రం ఆఖరున అన్నాడు. నెలలో నేలమట్టం కావలసిన మేడ రెండు నెలలైనా నిక్షేపంగా నిలబడి ఉంది.

పైగా భయస్తులు ఆ మేడ గేటు ముందు రోజూ ఏదో ఒకటి దిగదుడిచి పోయేవాళ్లు. కొబ్బరికాయలు, నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు. పొద్దున్నే అక్కమ్మ గంప తీసుకుని వాటిని ఏరుకొచ్చేది. కొబ్బరి చట్నీ అయ్యేది, నిమ్మకాయలు ఊరగాయ అయ్యేవి. ఊరి భయమంతా సిద్ధమ్మ రోట్లో పడి నలిగింది. ఆ వాసనకు ముందు స్టేషను కూలీలొచ్చారు, తర్వాత జట్కావాళ్లొచ్చారు. మూడో నెలకు కూలిపోతున్న మేడ ముందు ఇడ్లీల కోసం వరుస కట్టారు.

రాజారత్నం మా ఆఫీసుకొచ్చి గోల పెట్టాడు. నేను నోటీసు పట్టుకుని పోయాను. జేబులో నిమ్మకాయ ఉంది.

"మామా, ఇంతకాలం ఎందుకు పట్టిందో రాతపూర్వకంగా చెప్పాలంట."

"రాసుకో. రాహువు రోజుకు గంటన్నరే పనిజేస్తాడు. ఆయన్ని గూడా తొందరపెట్టమను మీ ఆఫీసోళ్లని."

సిద్ధమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఎండన పడొచ్చినావు, తాగు నాయనా."

"వద్దమ్మా, పొద్దున తాగే వచ్చాను."

"మునిసిపాలిటీ వాళ్లు గదమ్మా," అన్నాడు మామ. "వారానికొకసారే తాగుతారు. కొళాయి అలవాటు."

అందరూ నవ్వారు. సిద్ధమ్మ నవ్వలేదు. నా జేబు ఉబ్బు వైపు ఒకసారి చూసి, చెంబు వెనక్కి తీసుకుపోయింది. ఆ చూపు నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఒక బుధవారం మధ్యాహ్నం రాజారత్నం నన్నూ వెంటబెట్టుకుని స్వయంగా వచ్చాడు, చెమటలు కక్కుకుంటూ, కేకలు వేసుకుంటూ. "ఏమప్పా ఏకాంబరం, మేడ పడగొడతా ఉండావా, ముద్దు పెట్టుకుంటా ఉండావా?"

"ముందు కూసో. ఖాళీ కడుపుతో అరిస్తే గొంతు పోతాది," అని మామ ఆయన చేతిలో ఆకు పెట్టించాడు.

మొదటి రోజు తర్వాత రాజారత్నం ఆ గేటు లోపలికి రాలేదు, ఆరోజు పులుసు పెట్టి సిద్ధమ్మ పుత్తూరు పోయిందనే అనుకున్నాడు. తిట్టుకుంటూనే తిన్నాడు. మూడో ఇడ్లీకి తిట్లు తగ్గాయి. అయిదో ఇడ్లీకి ఆగిపోయాయి. ఆరోది చట్నీలో ముంచి, ఒక్కసారి బిగుసుకుపోయాడు.

"ఈ చట్నీ నాకు తెలుసు."

గోడ వెనకాల సిద్ధమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. కూలీలు, జట్కావాళ్లు, ఎల్లప్ప, అక్కమ్మ, చిన్నబ్బ, నేను, అందరమూ ఆ ఇడ్లీనే చూస్తున్నాం. ఆయన కింద పెడితే మూడు నెలల పని ఒక్క క్షణంలో కూలిపోతుంది.

ఆయన దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలి మింగాడు.

"కారం రవంత ఎక్కువైంది సిద్ధమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

"ముందు నించీ అంతే గదయ్యా," అందామె.

ఎల్లప్ప తుమ్మాడు. ఎన్నడూ లేనిది, వెంటనే ఇంకోటి తుమ్మాడు.

మరునాటినుంచి మామ గడియారం వైపు చూడలేదు. తెల్లవారకముందే మొదలుపెట్టి, రాహుకాలమూ యమగండమూ ఏకం చేసి, నాలుగు రోజుల్లో మిగిలిన మేడంతా నేలమట్టం చేశాడు. రుబ్బురోలును ఆరుగురు మోసుకొచ్చి ఎదురు సందులోని చిన్న అంగట్లో పెట్టారు. సిద్ధమ్మ పుత్తూరు మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి వారం నేను కొత్త సైకిలు కొనడానికి మంచి గడియ అడగాలని, ఎవరూ చూడకుండా గుడివీధి అయ్యవారి ఇంటికి పోయాను. తలుపు వెనక ఎవరో నక్కారు. చూస్తే, మామ.

"నువ్వేంది మామా ఈడ?"

"మెల్లగా మాట్లాడరా. ఎవురికీ చెప్పొద్దు."

"ముహూర్తం కావాలంట," అన్నాడు అయ్యవారు, ఆశ్చర్యంతో పంచాంగం జారవిడుస్తూ. "సిద్ధమ్మ అంగడికి. రాహుకాలం కాకూడదంట, వర్జ్యం కాకూడదంట, ఏ దోషమూ ఉండకూడదంట."

నేను నోరు తెరిచాను. మామ చెవి వెనక గోక్కున్నాడు.

"ఆమె అంగట్లో పాలు ఇరిగినా ఊరు ఆమె చెయ్యే అంటాది రా. నోరెత్తను ఒక్క సందు గూడా ఇయ్యకూడదు. నేను పెట్టిన ముహూర్తమంటే ఎవురూ నమ్మరు, అయ్యవారే పెట్టాల."

"మరి నీ పనులన్నీ రాహుకాలంలో ఎందుకు?"

"పడగొట్టే పనిలో గోడ పడతాది, వేలు నలగతాది. మంచి గడియలో మొదలుపెట్టినామనుకో, ఎల్లప్ప తుమ్మినాడు అంటారు, అక్కమ్మ ఎదురొచ్చింది అంటారు. రాహుకాలంలో మొదలుపెడితే ఆ ఏకాంబరం పిచ్చోడు, రాహుకాలం దెబ్బ అంటారు. తిట్టుకోను రాహువుండగా మనుసులెందుకురా? ఆయనకేం, మొండెమే లేదు, ఎంత తిట్టినా ఒంటికి తగలదు."

గురువారం పది గంటలకు, ఏ దోషమూ లేని ముహూర్తంలో, సిద్ధమ్మ పొయ్యి వెలిగించింది. ఊళ్లో సగం అక్కడే ఉంది. రాజారత్నం ముందు వరుసలో ఉన్నాడు. మామ మాత్రం అంగడి బయట రాతి మీద కూర్చున్నాడు.

"లోపలికి రాప్పా!" అన్నాడు రాజారత్నం.

"ఒకటిన్నరకు రాహుకాలం వస్తాది, నేనూ వస్తా. నా మర్యాద నాకుండాది," అన్నాడు మామ, గడియారం చూసుకుంటూ.

మా ఆఫీసు మేనేజరు కూడా వచ్చాడు. "ఆ రాతి మీదాయన ఎవరయ్యా?" అన్నాడు.

"మా మామ సార్. మా అమ్మకు సొంత తమ్ముడు," అన్నాను, సందు చివరిదాకా వినిపించేటట్టు.

సిద్ధమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. నా జేబు వైపు చూసింది.

"ఒట్టి నీళ్లెందుకు నాయనా? ఆ నిమ్మకాయ ఇట్టియ్యి."

ఇచ్చాను. అక్కడే కోసి, పిండి, చిటికెడు ఉప్పేసి కలిపింది. గటగటా తాగేశాను. అంత చల్లటి నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే పంకజాక్షి జేబు తడిమింది.

"నిమ్మకాయేది?"

"పనిచేసింది," అన్నాను.