మస్కట్‌కు చదివిన అంకెలు

నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కి కూర్చోగానే పక్కసీటులోని ఆమె తన ఫోను నా ముందు పెట్టింది. "అన్నా, అద్దాలు ఇంట్ల మర్సిన. గీ నంబర్ జర సదువు."

అది బ్యాంకు పంపిన ఓటీపీ. స్పీకర్‌లో ఒక మగ గొంతు తొందరపెడుతోంది. నాకు అనుమానం వచ్చింది.

"గిది ఎవ్వలకు చెప్పొద్దక్కా. ఆయనెవరు?"

"మా ఆయనే. మస్కట్ల ఉంటడు. కార్డేమో ఇక్కడిదాయె, ఆడ ఏం కొన్నా నంబర్ నా ఫోనుకే వస్తది. నేను సదివి చెప్పేలోపల టైమైపోతది. పొద్దుగాల్నుంచి గిదే లొల్లి."

"గీ రోజుల్ల మోసగాళ్ళు ఎవలి గొంతైనా అచ్చం గట్లనే చేస్తరక్కా," అన్నాను.

ఆమె ముఖం మారింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "మొన్న మనం ఎందుకు కొట్లాడినం? చెప్పు," అని అడిగింది.

"బతుకమ్మకు రానన్నందుకు," అన్నాడాయన మెల్లగా. "గందుకే టికెట్ తీస్తున్న గదనే."

మళ్ళీ కొత్త నంబర్ వచ్చింది. ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. ఒక్కో అంకె చదివాను. టికెట్ అయిందని ఆయన కేకేశాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఎడపల్లి దాటాక నా వైపు తిరిగి, "గా నంబర్ మర్సిపో అన్నా," అంది, నవ్వకుండా.

మరచిపోయానన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది, ఆ అంకెలు నాకింకా గుర్తున్నాయి.