బాలింత అర్రలో ఒక పెంక

మా మంత్రసాని అవ్వ పోయింది. నాగిరెడ్డిపేటలో కూతురి దగ్గర ఉంటూ, నాలుగు రోజుల జ్వరంతో కన్నుమూసిందని మొన్న పొద్దున ఆమె అల్లుడు ఎల్లారెడ్డికి వచ్చి చెప్పాడు. ఆమె చేతిలో పుట్టినవాళ్లు మా వాడలో ఇంటికిద్దరున్నారు. వార్త విని, అయ్యో పాపం అని, అందరూ మళ్లీ చలిమంట చుట్టూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. కానీ చేతులు చాచి కాచుకోలేకపోయాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పోచారం వైపు నుంచి వీచే పుష్యమాసపు గాలి ఎరిగినవాళ్లకు బాలింతను కాపాడటం ఎంత కష్టమో తెలుసు. మేం పెరటి దోవన రమ్మనే ఆ మనిషికి అది చేతనైన విద్య. పడమటి కిటికీకి గోనెపట్ట కట్టించేది. నేలమీద వరిగడ్డి మందంగా పరిపించి, దానిపైన బొంత వేయించేది. వంటయ్యాక పొయ్యిలో మిగిలిన వేడిని పోనిచ్చేది కాదు. అందులో రెండు ఇటుకలు కాచి, గుడ్డలో చుట్టి బాలింత కాళ్ల దగ్గర పెట్టేది. ఎండ వచ్చే తలుపు తెరిపించి, ఎండ వాలకముందే దగ్గరికి వేయించేది. కుంపటి వాకిట్లోనే రాజేసి, కాసేపు మాత్రమే లోపల ఉంచి, బాలింతకు కన్ను మూతపడకముందే బయట పెట్టించేది. ఒక గంప బొగ్గులతో నెల గడిపేది. అంత పొదుపు చేసే మనిషి, కప్పులో ఒక పెంకను మాత్రం జానెడు పక్కకు జరిపించేది.

"ఈ పెంక జోలికి పోకు పటేలా. నిప్పు గూడ గాలి తింటది. గాలి దొరకకుంటె లోపలున్నోళ్ల ఊపిరి తింటది" అనేది.

పదేళ్ల కిందట మా బిడ్డ రెండో కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆరో రోజు సాయంత్రం చూడటానికి కామారెడ్డి నుంచి మా బావమరిది వచ్చాడు. అర్రలోకి తొంగిచూసి నవ్వాడు.

"ఏంది బావా, పైన సందు, కింద సందు! గిది బాలింత అర్రనా, ఖిల్లా మీది బురుజా?"

"అవ్వ ఉంచమన్నది" అన్నాను.

"అల్మారీ నిండ కితాబులు పెట్టుకొని, అవ్వ చెప్పిందని కూసున్నవా? పసిగుడ్డుకు నిమ్ము జేస్తె అవ్వొచ్చి తీస్తదా?"

పసిపిల్లల రొమ్ముకు చలిగాలి పడదని నేనూ ఎక్కడో చదివాను. చదివింది గుర్తుకు రాగానే అవ్వ మాట చిన్నదైపోయింది. పీట ఎక్కి పెంకను మళ్లీ దాని చోటికి జరిపాను. సందుల్లో తడిమట్టి మెత్తాను. తలుపు కింది సందులో గోనె కుక్కాను. కుంపటి నిండా కొత్త బొగ్గులు పోసి లోపలే ఉంచి తలుపు వేశాను. వెచ్చగా నిద్రపోతారని తృప్తిపడ్డాను.

తెల్లవారగానే అవ్వ పిల్లకు నలుగు పెట్టడానికి నూనెగిన్నెతో వచ్చింది. తలుపు తోసిన మరుక్షణం గిన్నె కింద పడింది. మా బిడ్డ గోడ పట్టుకుని లేవబోయి కూలబడుతోంది. తల పగిలిపోతుందని గొణుగుతోంది. పసిదాని మెడ వేలాడుతోంది. ఏడుపు లేదు.

"చూస్తవేంది! బిడ్డను గుంజుకరా!" అని అరిచి, పిల్లను ఎత్తుకుని మంచులోకి పరుగెత్తింది. నన్ను పటేలా అనకుండా ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. బిడ్డను అరుగు మీదికి చేర్చాను.

బావమరిది అడ్డం వచ్చాడు. "మంచుల పెట్టి సంపుతవా పిల్లను?"

"సంపెటోళ్లు లోపల పెట్టి మూసిండ్రు! జరుగు!"

అవ్వ పిల్ల అరికాళ్లు రుద్దుతోంది, ముఖం మీద ఊదుతోంది. ఆ కాసేపట్లో నాకు తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ మరిచిపోయాను. చివరికి పిల్ల దగ్గి, సన్నగా ఏడ్చింది.

అవ్వ లోపలికి వెళ్లి కప్పు వైపు చూసింది. మట్టి ఇంకా ఆరలేదు. తర్వాత నా గోళ్ల వైపు చూసింది. "నీళ్లు కాగవెట్టించు పటేలా" అంది. అంతే.

నాలుగు రోజులకు పిల్లకు జలుబు చేసింది. మా బావమరిదికి అది చాలింది. మంత్రసాని పసిగుడ్డును మంచులో పడేసిందని కామారెడ్డిలో చుట్టాల ఇండ్లన్నీ తిరిగి చెప్పాడు. అప్పటిదాకా కాన్పులకు ఆమెనే పిలిపించుకున్న ఆ ఇండ్లవాళ్లు మళ్లీ పిలవలేదు. ఒకరోజు పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఆమె అడిగింది: "పటేలా, నీ నోటితోని ఒక్క మాట చెప్పరాదు?"

"చూద్దాం" అన్నాను. పదేళ్లు చూశాను.

కామారెడ్డి బంధువులు ఇది చదువుతారని తెలుసు. ఆ పెంక మూసింది నేను. మూయమని ఎగదోసిందీ, ఆ తర్వాత అబద్ధం పుట్టించిందీ మా బావమరిది. ఆయన ఇప్పటికీ ప్రతి పెండ్లిలో ముందు వరుసలో కూర్చుని ఆరోగ్యసూత్రాలు చెబుతుంటాడు, మీరు తలలూపుతుంటారు. మా ఇద్దరి ప్రాణాలను మించిన రెండు ప్రాణాలు నిలబెట్టిన మనిషి చెడ్డపేరుతో పోయింది. మీ ఇండ్లలో బాలింతల తలుపులు ఈ చలికి ఎంత బిగించి ఉన్నాయో నాకు తెలియదు. అవ్వ లేదు. ఇక ఎవరు వచ్చి తోస్తారు?

ఆ వార్త విన్న పొద్దున చలిమంట దగ్గర నుంచి లేచి వాకిట్లోకి వచ్చాను. సెలవులకు వచ్చిన మనవరాలు, ఆనాటి పిల్లే, చెంబుతో ఎదురైంది.

"ఏమైంది తాతా, గట్ల నిలవడ్డవు?" అంది.

మాటతోపాటు దాని నోటినుంచి తెల్లగా ఆవిరి వచ్చి, మంచులో కలిసిపోయింది. మళ్లీ వచ్చేదాకా నేను రెప్ప వేయలేదు.