గేటు దగ్గర పారిన కృష్ణ

మా ఆయన నాపరాళ్ల క్వారీలో రాయి కోసేవాడు. ఆయన చనిపోయిన ఏడాదే నేను గురజాల పక్కన మా ఊరి బడిలో ఆయాగా చేరాను. ఊడవడం, నీళ్లు మోయడం, గంట కొట్టడం నా పని. చేరానంటున్నాను గానీ అది గట్టి ఉద్యోగం కాదు. హెడ్మాస్టరు గారు మొదటి రోజే చెప్పేశారు: "ఆఫీసరు గారు తనిఖీకి వస్తారు. ఆయన వచ్చిపోయాక నీ సంగతి చూద్దాంలే." అందుకే బడి తాళాలు నా చేతికివ్వలేదు. రోజూ పొద్దున్నే వెళ్లి, హెడ్మాస్టరు గారి సైకిలు కనపడేదాకా చీపురు పట్టుకుని గేటు పక్కన నిలబడేదాన్ని. ఈ పని పోతే ఇద్దరు ఆడపిల్లలను ఇంట్లో వదిలి మళ్లీ మిరపకోతలకు కారంపూడి, క్రోసూరు దాకా పోవాలి. నా భయమంతా అదే.

ఇది ఎనభైల్లో మాట. ఏ సంవత్సరమంటే చెప్పలేను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

తనిఖీకి ముందు పైనుంచి ఒక కాగితం వచ్చింది. పారేసిన వస్తువులతో బడి ఆవరణలో పిల్లలకు పాఠంగా పనికొచ్చేది ఏదో ఒకటి చేసి పెట్టాలట. చిలకలూరిపేట నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ, నేల మీద పల్నాడు పటం వేద్దామంది.

"ఒక్కటి కూడా కొనకూడదు ఆయమ్మా. అన్నీ చెత్తలోంచే రావాలి" అంది.

చెత్త ఎక్కడుంటుందో నాకంటే ఎవరికి తెలుసు. క్వారీ దగ్గర పారేసిన నాపరాతి ముక్కలు తట్టల్లో మోసుకొచ్చాను. శెట్టిగారి కొట్టు వెనక నూనె డబ్బాల మూతలు ఏరాను. ఊళ్లకు గుర్తులు అవే, వాటి మీద పేర్లు టీచరమ్మ రాసింది. కూలిన ఇళ్ల ఎర్ర పెంకులు దంచి మిరప చేలన్నాం. రోడ్ల కోసం పంక్చర్లు వేసే సాయిబు దగ్గరికి పోయాను. మా నాన్న ఈడువాడు, బాబాయ్ అనేదాన్ని.

"ఈ చచ్చిన ట్యూబులు ఏం జేసుకుంటావమ్మా?" అన్నాడు.

"రోడ్లేస్తా బాబాయ్."

"గవర్నమెంటోళ్లు ఎయ్యలేంది నువ్వేస్తావా? అట్టయితే మా ఇంటి ముందు నుంచి ఒకటి ఎయ్యి, వానొస్తే మోకాలిదాకా బురద" అని నవ్వి, గోనెసంచి నిండా ఇచ్చాడు.

అన్నీ సమకూరేసరికి టీచరమ్మకు వాళ్లమ్మకు ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. పటం గీసిన కాగితం నా చేతిలో పెట్టి, "పిల్లల చేత పేర్లు చదివించుకుంటూ పరచండి, రెండు రోజుల్లో వచ్చేస్తా" అని బస్సెక్కింది.

ఆ కాగితం పట్టుకుని ఆవరణ మధ్యలో నిలబడ్డాను. అక్షరాలు నాకు అందవు. నీలం గీత మాత్రం కృష్ణ అని తెలిసింది. ఆ గీత నిజం కృష్ణ ఉన్న దిక్కుకు వచ్చేదాకా కాగితాన్ని చేతిలో తిప్పాను. అంతే, అన్నీ వాటి చోట్లకు వచ్చి కూర్చున్నాయి. పొద్దు కుంకే వైపు సాగరు, అటే కాస్త ఇవతలగా మాచర్ల. కృష్ణ వైపు తిరిగితే కారంపూడి మా వెనక. క్రోసూరు పొద్దు పొడిచే వైపు. కోతలకు నడిచిన దారులే కదా, ఇక కాగితం ఎందుకు. బడికి వెల్ల వేయగా మిగిలిన సున్నంలో నీలిమందు కలిపి రాళ్లకు పూసి ఏరు పారించాను. అన్నిటినీ సున్నం అడుసులో గట్టిగా కూర్చోబెట్టాను. మా ఆయన పనిచేసిన క్వారీ ఉన్నచోట, ఆయన కోసిన నల్ల నాపరాయి ముక్క ఒకటి పెట్టాను. దానికి మూత లేదు, పేరు లేదు. అదేమిటని ఎవరూ అడగలేదు.

ఆరేదాకా అంతా గోనెసంచుల కింద ఉంది, ముందురోజు చీకటి పడ్డాకే వాటిని తీశాను. తనిఖీ రోజు పొద్దున హెడ్మాస్టరు గారు గేటు తీసి అక్కడే ఆగిపోయారు.

"ఏందమ్మా ఇది? కృష్ణ తెచ్చి గేటు కాడ పెట్టావ్. పటమంతా తలకిందులైంది."

"కృష్ణ అటేగదండీ ఉంది."

"యాడుందో నాకు తెలీదా? పటంలో ఉత్తరం పైనుండాల."

"ఇక్కడ పైన యాడుందండీ, అంతా నేలేగా."

ఆ మాట అని నాలుక కరుచుకున్నాను. మా గేటు ఉత్తరం వైపు. లోపలికి వచ్చేవాళ్లకు పటం తిరగబడి కనపడుతుంది. ఏరు అవతలి గోడ వైపు ఉండాలని, టీచరమ్మ అలాగే అనుకుందని అప్పుడు అర్థమైంది. అప్పుడే బస్సు దిగి వచ్చిన టీచరమ్మ గేటు దగ్గరే తల పట్టుకుంది. హెడ్మాస్టరు గారు గడ్డపార తెమ్మన్నారు. సున్నం అప్పటికే బిగిసిపోయింది. ఈ లోపే జీపు వచ్చింది.

ఆఫీసరు గారు లోపలికి రెండడుగులు వేసి తల ఒక పక్కకు వంచారు. హెడ్మాస్టరు గారు ఏదో సర్దిచెప్పబోతుంటే ఆగమని, అయిదో తరగతి పిల్లను అడిగారు.

"మాచర్ల ఎక్కడుందమ్మా?"

ఆ పిల్ల పటం వంకే చూడలేదు. గోడ మీదుగా చెయ్యి చాపింది. "అదిగో సార్, అటు. మా పెద్దమ్మోళ్ల ఊరు."

"నరసరావుపేట?"

పిల్ల గిర్రున తిరిగి ఇంకో వైపు చాపింది. ఆయన ఆ చెయ్యి చూశారు, నేల మీద మూత చూశారు. అవతలి వైపుకు నడవబోయారు.

"సార్, కృష్ణలో కాలేశారు" అంది ఇంకో పిల్ల మెల్లిగా.

ఆయన కాలు తీసి, అంచు వెంట చుట్టూ తిరిగి వెళ్లి, దక్షిణం గోడ దగ్గర మా వైపు తిరిగి నిలబడ్డారు. అక్కడి నుంచి చూస్తే పటం తిన్నగా కనపడుతుంది.

"ఎవరు పరిచారు?"

"మా ఆయా అండీ. చదువుకోలేదు, తెలీక..." అన్నారు హెడ్మాస్టరు గారు.

"పటం బాగానే ఉంది మాస్టారూ. రేపటి నుంచి పిల్లల్ని ఇటు నిలబెట్టి చెప్పించండి" అని లోపలికి నడిచారు. నా పని సంగతి మాత్రం ఎత్తలేదు. నేను నీళ్ల కుండల దగ్గర కూర్చుండిపోయాను.

సాయంత్రం గంట కొట్టాక హెడ్మాస్టరు గారు సైకిలు మీద వెళ్లబోతూ ఆగారు. జేబులోంచి తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టారు. "పొద్దున్నే నువ్వే వచ్చి తలుపులు తియ్యి" అన్నారు.

ఆ తలుపులు చానా ఏళ్లు తీశాను. ఏటా బడి తెరిచే ముందు ఏటికి మళ్లీ నీలం పూసేదాన్ని. తర్వాత కొత్త గదులు కట్టేటప్పుడు పటమంతా తవ్వేశారు. నేను నల్లరాయి ఒక్కటే కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడది మా నీళ్లకుండ కింద ఉంది. కృష్ణ వైపున్న అంచు ఏదో నాకు గుర్తే. ఇంట్లో కూడా దాన్ని అటే తిప్పి పెట్టాను.