తలుపు తీయించిన మనిషి

టీవీలో పాములు, జింకల గురించి చెప్పే ఆదోని అన్న గుండె ఆగి పోయాడని తెలిసి, ఎమ్మిగనూరులో మా వీధి వీధంతా ఫ్లెక్సీ కట్టి ఏడ్చింది.

మూడోనాడే, నేను కాళ్లు పెట్టి నేసే మగ్గం గుంటలో పాము దూరింది. ఫ్లెక్సీకి దండ వేసిన చేతులే కట్టెలు పట్టుకొచ్చాయి. "ఆయన లేడు గదప్పా, ఇంగ ఎవురు పట్టాల?" అంటూ దాన్ని చితక్కొట్టి, ఆయన బొమ్మ కిందనే పడేశారు.

ఎవరు పట్టాలట! నిరుడు ఇదే గుంటలో పాము దూరితే ఆయన వచ్చాడు. టీవీలో ఎప్పుడూ కనిపించేలాగే చెప్పులు బయట విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కసారి పట్టి సూపియ్యన్నా" అని ఆయన వెంట వచ్చిన టీవీ కెమెరా మనిషి బతిమాలాడు.

"అది బెదిరిండాది. తలుపు తీసి దూరం జరగండప్పా, అదే పోతాది" అన్నాడు. కట్టుకున్న చేతులు విప్పలేదు. అరగంటకు పాము తన దారిన పోయింది.

ఆయన దాన్ని ముట్టుకోనే లేదు. తలుపు తీయించాడు, అంతే. వీధంతా చూసింది. ఆ మాత్రానికీ చచ్చినవాడే లేచి రావాలా, సిగ్గులేని జనానికి?

జనాన్ని తిట్టి ఏం లాభం? మొన్న పాము తప్పించుకోకుండా తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టి, వాళ్లను కేకేసింది నేనే.