ఆ మధ్యాహ్నం నేను నిద్రపోలేదు

పదకొండేళ్లుగా నాకు పగటిపూట కన్ను మూయాలంటే భయం. ఎందుకన్నది ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. నా పేరు రాయను. జరిగింది మాత్రం మీకు చెబుతాను.

ఆ వేసవిలో ఆగిరిపల్లి దగ్గర మామిడి తోటలో కోతకి దిగాం. కోత అయ్యేదాకా మా మకాం అక్కడే, బరకాల కింద. చెట్టెక్కేవాళ్లు సొన అంటుతుందని ఉంగరాలు, వాచీలు తీసి ఫోన్లతో పాటు ఒక రేకు పెట్టెలో పెట్టేవాళ్లు. దొంగల భయానికి మా మేస్త్రి బరకాల చుట్టూ జానెడు మందాన ఎండుటాకులు పోయించాడు. ఎవరు రావాలన్నా వాటి మీదుగానే రావాలి. అడుగేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు.

ఆ రోజు సొన పడి నా మొహం పొక్కింది. అందుకని నన్ను పెట్టెకి కాపలా ఉంచారు. బరకం వెనక, ఆకులకి ఇవతలే, మా అందరికీ వండిపెట్టే నాగమణక్క రోట్లో పచ్చడి నూరుతోంది.

ఆకులు నలిగాయి. మావాళ్ల నడక కాదది. ఆగి ఆగి పడుతున్న అడుగు. పడుకున్నవాణ్ణి కళ్లు సగం తెరిచాను. ఎవరో తెలియని మనిషి, చేతిలో పొడవాటి కత్తి. కళ్లు మూసేశాను. పెట్టె నా తల పక్కనే తెరుచుకుంది. అతని ఊపిరి నా చెంపకి తగిలింది. నేను అరిస్తే అక్కని కూడా పొడిచేవాడని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ క్షణాన అక్క నాకు గుర్తే లేదు. అంతసేపూ రోటి చప్పుడు మాత్రం ఆగలేదు.

అందరూ భోజనాలకి వచ్చేసరికి పెట్టె ఖాళీ.

"ఏరా, నిద్రపోయావా?" అన్నాడు మేస్త్రి.

"కునుకు పట్టిందండీ. ఆకుల చప్పుడైతే లేచేవాణ్ణే."

"అంటే బయటోడు రాలేదు. గాల్లో ఎగిరొచ్చాడా ఏంటి?"

అందరూ పొయ్యి వైపు చూశారు.

"నన్ను చూస్తారేంటి? దొంగసొత్తు పచ్చట్లో కలిపానా?" అని అక్క నవ్వింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు తమ్ముడూ. నా రోటి చప్పుడు ఆగిందా?"

"గమనించలేదక్కా."

ఇంతే నేను అన్నది. ఆమె సంచి విప్పి బట్టలన్నీ నేల మీద దులిపారు. ఏమీ దొరకలేదు. ఎక్కడో పాతిపెట్టిందన్నారు. ఆ సాయంత్రమే వెళ్లగొట్టారు. ఆ తర్వాత ఏ ముఠా ఆమెని వంటకి పిలవలేదు.

దేనికి భయపడ్డాను? కత్తి వెళ్లిపోయిందిగా. మేలుకునుండి ఊరుకున్నానని తెలిస్తే పదిమందిలో నా మొహం ఏమవుతుందోనన్న భయం, వాళ్లు కొడతారన్న భయం, ఆ మనిషి మళ్లీ వస్తాడన్న భయం, అన్నీ కలిసి నా నోరు నొక్కాయంటే మీరు నమ్ముతారేమో. నాకే నమ్మకం లేదు.

పోయినేడు హనుమాన్ జంక్షన్‌లో ఒక హోటల్ వెనక గిన్నెలు తోముతూ అక్క కనిపించింది. ఆమె తలెత్తేలోపు కదులుతున్న బస్సెక్కేశాను. అది ఎటు పోయే బస్సో కూడా చూడలేదు.

ఆమెకి ఎదురుపడి చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. రేపు వస్తుందని మాటివ్వలేను. ఈ నాలుగు ముక్కలు రాస్తుంటే ఊపిరి కాస్త లోపలిదాకా వెళుతోంది. నాగమణక్క ఏమీ తియ్యలేదు. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు.