చల్లారని కుండ

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసినదాన్ని. దేన్నయినా కొలిచి చూస్తే తప్ప నమ్మను. ఈ సంగతి కూడా కొలిచే చూశాను.

కిందటేడు నెలలు నిండాక మా పాప కడుపులోనే పోయింది. ఐర్లండ్‌లోని నేవన్‌లో మేం అద్దెకుంటున్న ఇంటికి ఉత్త చేతులతో వచ్చాం. ఆ తర్వాత నేను ఉద్యోగానికి వెళ్లలేదు. చాలా రోజులు మంచం దిగడానికే మనసొప్పేది కాదు.

చేతులకు ఏదో ఒక పని ఉండాలని మా జీపీ డాక్టరు చెబితే, మా ఆయన శ్రీధర్ నన్ను ఊళ్లోని కమ్యూనిటీ హాల్లో కుండల క్లాసులో చేర్చాడు. నేర్పే మోరా ఐరిష్ ఆవిడ, అరవై దాటాయి. వయసులో ఉన్నప్పుడు జపాన్‌లో ఉండి వచ్చిందట. చక్రం ముట్టదు. మట్టిని తాళ్లలా పేని, చుట్లు చుట్లుగా పేర్చి, పచ్చిమీదే తాడు దొర్లించి అచ్చులు వేయిస్తుంది. వేల ఏళ్ల కిందట అక్కడ వేటాడి, కాయలేరుకుని బతికిన జోమోన్ మనుషులు ఇలాగే చేసేవారట.

"వీటిలో ఏం పెట్టేవాళ్లు?" అని ఒకరోజు అడిగాను.

"వంట చేసుకునేవాళ్లు. చనిపోయి పుట్టిన పసికందుల్ని కూడా ఇలాంటి వాటిలో పెట్టి గుమ్మం దగ్గర పూడ్చేవారంటారు. తల్లి రోజూ దాటుతుంటే బిడ్డ మళ్లీ కడుపున పడుతుందని కాబోలు. ఎవరికి తెలుసు?" అంది మోరా. నా సంగతి ఆవిడకు తెలియదు.

 నా చేతులు చుట్లు పేరుస్తూనే ఉన్నాయి. కుండ అనుకున్నదానికంటే పెద్దదయింది.

బట్టీలోంచి తీసినప్పుడు అందరి కుండలూ చల్లగా ఉన్నాయి. నాది వెచ్చగా ఉంది.

"అంతా గ్రాండ్, ఏం కాదు. అడుగు మందం కదా, చల్లారుతుందిలే" అంది మోరా.

చల్లారలేదు. ఇంటికి తెచ్చాక మర్నాడు శ్రీధర్ ముట్టుకుని, "ఇదేంది, ఇంక ఎచ్చగనే ఉంది?" అన్నాడు. తీసుకెళ్లి మంచు పేరుకున్న పెరట్లో పెట్టాడు. పక్కనున్న పూలకుండీ ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇది మాత్రం అలాగే ఉంది. థర్మామీటర్ పెట్టాను. మనిషి ఒంటి వేడి చూపించింది. పక్కింటివాళ్లది అడిగి తెచ్చి మళ్లీ పెట్టాను. అదే చూపించింది.

ఆ తర్వాత మేం కుండను మళ్లీ ఇంట్లోకి తెచ్చుకున్నాం, కొలవడం మానేశాం. శ్రీధర్ ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా దాని దగ్గరికి వెళ్లేవాడు. పాప కోసం కొన్న దుప్పటి అల్మరాలోంచి తీసి దానికి చుట్టాడు. ఒక సాయంత్రం వంగి, "అమ్మలూ, నాన వచ్చిండు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను మళ్లీ వంట చేశాను. కిటికీలు తెరిచాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది నా అరచేయి కిందే చల్లబడసాగింది. ఒళ్లోకి తీసుకుని హత్తుకున్నాను. హీటింగ్ పెంచాను. వేణ్నీళ్లు పోశాను. శ్రీధర్ పరుగెత్తుకొచ్చి చేయి పెట్టి చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

"మల్ల పోయిందా?" అన్నాడు.

మట్టి అన్ని రోజులు వేడిని పట్టి ఉంచడం సాధ్యం కాదని తర్వాత అడిగితే మోరానే చెప్పింది. ఏ లెక్క ప్రకారం చూసినా అది జరగకూడదు. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోం. అసలు ఈమధ్య ఏమీ మాట్లాడుకోవడం లేదు. అదేమిటో నాకిప్పటికీ తెలియదు. మాతో ఉండిపోనిది రెండోసారి ఎందుకు వచ్చినట్టో అంతకన్నా తెలియదు.